పరిశ్రమలకో మంత్రి, సైన్సుకో మంత్రి: రెండూ ఒకరి చేతిలో ఉన్న రోజులు

నమస్కారం. ముందుగా మీకొక సమాధి రాయి చూపించాలి.

కోల్‌కతాలో సెయింట్ జాన్స్ చర్చి ఆవరణలో ఉందిది. ఈస్టిండియా కంపెనీ ఏజెంటు జాబ్ చార్నాక్ సమాధి. ఈ నల్లని రాయిని 1893లో పాతికేళ్ల భూగర్భ శాస్త్రవేత్త ఒకాయన పరీక్షించాడు. ఇది బెంగాల్ రాయి కాదు, మద్రాసు పక్కన పల్లావరం, సెయింట్ థామస్ మౌంట్ కొండల్లో ఉండే రాయి అని తేల్చాడు. సమాధిలో ఉన్నాయన పేరు మీదుగానే దానికి చార్నొకైట్ అని పేరు పెట్టాడు. మన తూర్పు కనుమల్లోనూ ఈ రాయి విరివిగా ఉంది. ఆ శాస్త్రవేత్త థామస్ హాలండ్.

పరిశ్రమల మంత్రి పదవి గురించి చెబుతానని రాళ్ల పాఠం మొదలుపెట్టాడేమిటని అనుకోకండి. ఈ దేశంలో పరిశ్రమల శాఖ పగ్గాలు పట్టుకున్న తొలితరం వాళ్లలో ఈయన ఒకడు. అంటే ఆ కుర్చీలో శాస్త్రవేత్త కూర్చోవడం మనం వంద ఏళ్ల కిందటే చూశాం. ఆ తర్వాత ఆ రెండూ ఎలా విడిపోయాయి, మళ్లీ ఎప్పుడెప్పుడు కలిశాయి అన్నదే ఈరోజు కథ.

1905లో కర్జన్ వాణిజ్య, పరిశ్రమల శాఖను ఏర్పాటు చేశాడు. పేరులో పరిశ్రమలున్నా పని అంతా సుంకాలు, ఓడరేవులే. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాక గానీ తెల్లవాళ్లకు తెలిసిరాలేదు, ఇక్కడ బోల్టు దగ్గర నుంచి మందు సీసా దాకా ఓడ దిగాల్సిందేనని. 1916లో భారత పారిశ్రామిక కమిషన్ వేసి హాలండ్‌ను అధ్యక్షుడిని చేశారు. పరిశ్రమలు పెరగాలంటే ప్రభుత్వం దగ్గర శాస్త్రవేత్తల బలగం ఉండాలని ఆ కమిషన్ సిఫార్సు చేసింది. అందులో సభ్యుడైన మదన్ మోహన్ మాలవీయ సుదీర్ఘమైన అసమ్మతి పత్రం రాశారు. ఇక్కడి పరిశ్రమలు వాటంతట అవే చచ్చిపోలేదు, మీ విధానాలే చంపాయి అన్నది అందులో సారాంశం. హాలండ్ ఆ తర్వాత వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలోకి, అంటే అప్పటి మంత్రివర్గం లాంటి దానిలోకి వెళ్లారు. కలకత్తా వ్యాపారుల మీద నడుస్తున్న యుద్ధసామగ్రి మోసం కేసును వెనక్కి తీసుకున్న వివాదంలో 1921లో రాజీనామా చేశారు. శాస్త్రవేత్త మంత్రి ముచ్చట అలా ముగిసింది.

తర్వాతి ఇరవై ఏళ్లు దాటేస్తాను. చెప్పుకోదగ్గదేమీ లేదు.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. జర్మనీ నుంచి రావాల్సిన రంగులు, మందులు ఆగిపోయాయి. అప్పుడు వైస్రాయ్ మండలిలో వాణిజ్య సభ్యుడు ఆర్కాట్ రామస్వామి మొదలియార్. 1940లో శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలిని పెట్టించి, లాహోర్‌లో రసాయన శాస్త్రం చెబుతున్న శాంతిస్వరూప్ భట్నాగర్‌ను తీసుకొచ్చారు.

భట్నాగర్‌నే ఎందుకు? దానికీ ఒక కథ ఉంది. రావల్పిండి దగ్గర అట్టాక్ ఆయిల్ కంపెనీ బావులు తవ్వుతోంది. తవ్వేటప్పుడు బురదను లోపలికి పంపుతారు. ఆ బురద భూమిలోని ఉప్పునీటికి తగలగానే గట్టిపడి డ్రిల్లు కదలకుండా పోతోంది. ఇంజనీర్లు తలలు పట్టుకున్నారు. భట్నాగర్ ఆ బురదలో మన దేశంలోనే దొరికే ఒక జిగురు కలిపించారు. పట్టు వదిలింది, డ్రిల్లు తిరిగింది. కంపెనీ వాళ్లు సంతోషంతో లక్షన్నర రూపాయలు ఇవ్వబోతే, నాకు వద్దు, విశ్వవిద్యాలయంలో పరిశోధనకు ఇవ్వండి అన్నారు. లక్షన్నర అంటే ఆ రోజుల్లో ఎంతో మీ తాతగారిని అడగండి. ఫ్యాక్టరీ కష్టం ఫ్యాక్టరీ వాళ్ల భాషలో అర్థమయ్యే శాస్త్రవేత్త కావాలనుకుంటే ఇంతకన్నా ఎవరు దొరుకుతారు? ఆ మండలికి ఏటా 10 లక్షల చొప్పున అయిదేళ్లు నిధులిచ్చేలా కేంద్ర శాసనసభను మొదలియార్ ఒప్పించారు. 1942 సెప్టెంబరు 26న అదే సీఎస్‌ఐఆర్‌గా నిలబడింది. ఆ పేరు విప్పి చదవండి: శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి. సైన్సూ పరిశ్రమా ఒకే బోర్డు మీద ఉన్నాయి.

స్వాతంత్ర్యం వచ్చింది. నెహ్రూ తొలి మంత్రివర్గంలో పరిశ్రమలు, సరఫరాల మంత్రి శ్యామాప్రసాద్ ముఖర్జీ. సీఎస్‌ఐఆర్‌కు నెహ్రూ అధ్యక్షుడైతే ముఖర్జీ ఉపాధ్యక్షుడు. 1948 ఏప్రిల్ 6న తొలి పారిశ్రామిక విధాన తీర్మానం ఆయన హయాంలోనే వచ్చింది. ఏది ప్రభుత్వానిది, ఏది ప్రైవేటుది అని అప్పుడే గీత గీశారు. జనసంఘ్ స్థాపకుడి పేరు, ప్రభుత్వ రంగానికి పునాది వేసిన తీర్మానం పేరు ఒకచోట వినడం కొందరికి వింతగా ఉంటుంది. కానీ చరిత్ర మన ఇప్పటి పార్టీల జెండాలు చూసి నడవలేదు కదా. మైనారిటీల రక్షణ మీద నెహ్రూ, పాకిస్థాన్ ప్రధాని లియాఖత్ అలీ చేసుకున్న ఒప్పందాన్ని నిరసిస్తూ 1950 ఏప్రిల్‌లో ముఖర్జీ తప్పుకున్నారు.

రెండు దారులూ విడిపోయింది ఈ రోజుల్లోనే. 1948లోనే నెహ్రూ శాస్త్ర పరిశోధనను వేరే శాఖ చేసి తన దగ్గర పెట్టుకున్నారు. సైన్సు మీద ఆయనకున్న ప్రేమను ఎవరూ శంకించలేరు. అయితే ప్రేమతో చేసిన పని వల్ల సైన్సు ఫ్యాక్టరీకి దూరమైంది. 1951లో దాన్ని సహజ వనరులతో కలిపారు. తర్వాత మౌలానా ఆజాద్ హయాంలో చదువుతో కలిపారు. 1958లో హుమాయూన్ కబీర్ మంత్రి అయ్యేసరికి ఆ శాఖ పేరేమిటో తెలుసా? శాస్త్ర పరిశోధన, సాంస్కృతిక వ్యవహారాలు! మంత్రిగారు తత్వవేత్త, కవి. ప్రయోగశాలల ఫైళ్లూ కళల ఫైళ్లూ ఒకే బల్ల మీదికి వచ్చేవి. కళలంటే నాకేమీ చిన్నచూపు లేదు. అయినా కొత్త రసాయన ప్రక్రియ కనిపెట్టినవాడు దాన్ని ఫ్యాక్టరీకి చేర్చాలంటే ఏ తలుపు తట్టాలి?

ఇటు పరిశ్రమల మంత్రి కుర్చీ మరోలా మారిపోయింది. 1951 పరిశ్రమల చట్టం వచ్చింది. కృష్ణమాచారి, మొరార్జీ దేశాయి, లాల్ బహదూర్ శాస్త్రి ఇలా హేమాహేమీలు ఆ కుర్చీలో కూర్చున్నారు. పని మాత్రం అనుమతులివ్వడం. మీరు ఒక యూనిట్ పెట్టాలనుకోండి. దరఖాస్తు ఢిల్లీకి వెళ్తుంది. ముందు ఒక ఉద్దేశ లేఖ ఇస్తారు. యంత్రాలు దిగుమతి చేసుకోవాలంటే ఇంకో అనుమతి. విదేశీ కంపెనీతో ఒప్పందానికి ఇంకొకటి. 1969 తర్వాత అయితే పెద్ద సంస్థలు గుత్తాధిపత్య చట్టం గడప కూడా దాటాలి. ఇవన్నీ అయ్యాక లైసెన్సు. అందులో ఏ వస్తువు, ఏ ఊళ్లో, ఏడాదికి ఎన్ని అని రాసి ఉంటుంది. అంతకన్నా ఎక్కువ తయారు చేశారంటే నేరం. స్కూటరు కోసం జనం ఏళ్ల తరబడి వరుసలో ఉన్న దేశంలో, ఎక్కువ స్కూటర్లు చేయడం తప్పు! అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్న సామెత ఈ శాఖను చూసే పుట్టిందా అనిపిస్తుంది. లైసెన్సు దొరకడమే విజయమైనచోట కొత్త టెక్నాలజీ అవసరం ఎవరికి ఉంటుంది? దొరికినవాడికి పోటీ లేదు, దొరకనివాడికి ఫ్యాక్టరీ లేదు. ప్రయోగశాల వైపు ఇద్దరూ చూడరు.

ఆ గోడను పగలగొట్టే తొలి ప్రయత్నం 1972లో జరిగింది. సి. సుబ్రమణ్యం. హరిత విప్లవం నాటి వ్యవసాయ మంత్రిగా మనకు తెలిసిన మనిషి. చదివింది భౌతికశాస్త్రం, తర్వాత న్యాయశాస్త్రం. 1971 మేలో విజ్ఞాన శాస్త్ర, సాంకేతిక శాఖ పుట్టినప్పుడు దాని బాధ్యత ఆయనకే ఇచ్చారు. మరుసటి ఏడు పారిశ్రామికాభివృద్ధి కూడా ఆయన చేతికే వచ్చింది. స్వతంత్ర భారతంలో పరిశ్రమలూ సైన్సూ ఈ పేర్లతో ఒకే మంత్రి దగ్గర ఉండటం అప్పుడే మొదలు.

ఆయనకు దొరికిన జోడీ కూడా బాగుంది. సీఎస్‌ఐఆర్ డైరెక్టర్ జనరల్‌గా అప్పుడున్నది మన తెనాలి ప్రాంతం యలవర్రుకు చెందిన యలవర్తి నాయుడమ్మ. తోళ్ల శాస్త్రవేత్త. మద్రాసులో తోళ్ల పరిశోధన సంస్థను నడిపినప్పుడు శాస్త్రవేత్తలను తోలు ఊనే చోటికి పంపి, అక్కడి కష్టాన్ని ల్యాబుకు తెచ్చుకున్న మనిషి. మంత్రి, శాస్త్రవేత్త ఇద్దరూ ఒకే దిక్కు చూసిన రోజులవి. అయిదో ప్రణాళికకు జతగా సైన్సు, టెక్నాలజీకి విడిగా ఒక ప్రణాళిక రాశారు. ఇంతలో చమురు సంక్షోభం, ధరల మంట. 1974 అక్టోబరులో సుబ్రమణ్యాన్ని ఆర్థిక శాఖకు మార్చారు. పరిశ్రమలు టి.ఎ. పాయ్ దగ్గరకు వెళ్లాయి. రెండు శాఖలూ మళ్లీ ఎవరి దారి వారివి. నాయుడమ్మ 1985లో కనిష్క విమాన పేలుడులో చనిపోయారు.

1977లో జార్జి ఫెర్నాండెజ్ వచ్చారు. ఆయన పేరు చెప్పగానే కోకాకోలా, ఐబీఎం వెళ్లిపోవడమే గుర్తుకొస్తుంది. నన్నడిగితే అంతకన్నా మన ఊళ్లకు దగ్గరగా వచ్చింది ఇంకొకటి ఉంది. అదే జిల్లా పరిశ్రమల కేంద్రం. చిన్న పరిశ్రమవాడు ఢిల్లీ దాకా కాళ్లరిగేలా తిరగనక్కరలేకుండా జిల్లాలోనే ఒక కార్యాలయం పెట్టారు. బల్బుల సీరియల్ సెట్టో, ప్లాస్టిక్ బిందెలో తయారుచేద్దామనుకున్న ప్రతివాడూ ఆ మెట్లెక్కినవాడే. పని త్వరగా అయ్యేదా అంటే, మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. రాజీవ్ గాంధీ హయాంలో 1986 నుంచి 89 దాకా మన జలగం వెంగళరావు కూడా కేంద్ర పరిశ్రమల మంత్రి. లైసెన్సుల పట్టు కాస్త కాస్త సడలుతున్న కాలమది.

ఇక 1991. పి.వి. నరసింహారావు జూన్ 21న ప్రమాణం చేశారు. మన్మోహన్ సింగ్‌ను ఆర్థిక మంత్రిని చేశారన్నది అందరికీ తెలుసు. పరిశ్రమల శాఖ ఎవరికిచ్చారు? ఎవరికీ ఇవ్వలేదు. తన దగ్గరే ఉంచుకున్నారు. విజ్ఞాన శాస్త్ర, సాంకేతిక శాఖ కూడా ఆయన దగ్గరే ఉంది. ఒకే ఒరలో రెండు కత్తులు మళ్లీ చేరాయి.

జూలై 24. ఆ రోజుల్లో బడ్జెట్ సాయంత్రం 5 గంటలకు ప్రవేశపెట్టేవారు. దేశమంతా సాయంత్రం కోసం చూస్తోంది. మధ్యాహ్నం లోక్‌సభలో పరిశ్రమల సహాయ మంత్రి పి.జె. కురియన్ లేచి కొత్త పారిశ్రామిక విధాన ప్రకటనను సభ ముందుంచారు. 18 రకాల పరిశ్రమలు తప్ప మిగతా వాటికి లైసెన్సు అక్కర్లేదు. ప్రభుత్వానికి కేటాయించిన రంగాలు 17 నుంచి 8కి తగ్గాయి. ఎంచిన 34 రంగాల్లో విదేశీ వాటా 51 శాతం దాకా దానంతటదే అనుమతి. నలభై ఏళ్ల లైసెన్సుల కోట గోడ ఆ కాగితంతో కూలింది. ఆ కాగితం మాత్రం నెహ్రూకు నమస్కారం పెట్టి మొదలవుతుంది.

సంబంధిత కేబినెట్ మంత్రి ఎక్కడ? పీవీ అప్పటికి ఏ సభలోనూ సభ్యుడు కాదు. నంద్యాల ఉపఎన్నికలో గెలిచింది నవంబరులో. మంత్రిగా సభలో మాట్లాడటానికి అదేమీ అడ్డం కాదు. ఆయనే మాట్లాడదలచుకోలేదని నా అభిప్రాయం. సొంత పార్టీలోనే పళ్లు నూరేవాళ్లున్నారు. వేరే మంత్రికి ఆ శాఖ ఇచ్చి ఉంటే, అధికారాలు వదులుకోనని ఆ మంత్రే మొదట అడ్డుపడేవాడు. లైసెన్సు ఇవ్వడమే ఉద్యోగమైన కుర్చీలో కూర్చుని లైసెన్సులను ఎవరు రద్దు చేస్తారు? అందుకని తానే కూర్చున్నారు. గట్టిగా ప్రకటించాల్సింది సహాయ మంత్రి చేత సభ ముందు పెట్టించి, అందరి కళ్లూ బడ్జెట్ వైపు ఉన్నప్పుడు పని కానిచ్చేశారు. ముఖ్యమంత్రిగా భూసంస్కరణలు బహిరంగంగా తలకెత్తుకుని దెబ్బతిన్న మనిషి, చప్పుడు చేయకుండా నడవడం నేర్చుకున్నారేమో.

మరి ఆ రెండో కత్తి? సైన్సు? ఇక్కడ నేను పీవీ అభిమానిగా కాస్త తల దించుకోవాలి. కంప్యూటర్ ముందు స్వయంగా కూర్చునే ప్రధాని, రెండు శాఖలూ చేతిలో ఉన్న ప్రధాని. అయినా పరిశ్రమకు సంకెళ్లు తెగినంత వేగంగా ప్రయోగశాలకు తలుపు తెరుచుకోలేదు. 1995లో పరిశ్రమల శాఖ కరుణాకరన్‌కు వెళ్లింది. దేశం పరిశోధన మీద పెట్టే ఖర్చు స్థూల దేశీయోత్పత్తిలో ఇప్పటికీ 1 శాతం చేరలేదు.

కలవాల్సినవి కలిసిన చోటు ఒకటుంది. ఢిల్లీలో కాదు, హైదరాబాద్ తార్నాకలో. నిజాం ప్రభుత్వం 1944లో పెట్టిన ప్రయోగశాలను 1956లో సీఎస్‌ఐఆర్ తీసుకుంది. ఇప్పటి ఐఐసీటీ (భారత రసాయన సాంకేతిక సంస్థ) అదే. 1970 పేటెంట్ల చట్టం 1972లో అమల్లోకి వచ్చింది. మందుకు కాకుండా మందు తయారీ పద్ధతికే పేటెంటు అంది. అంటే అదే మందును వేరే దారిలో తయారుచేస్తే తప్పు లేని రోజులవి. ఆ వేరే దారులు వెతికే రసాయన శాస్త్రవేత్తలు తార్నాకలో ఉన్నారు. ఎయిడ్స్ మందు ఏజెడ్‌టీ తయారీ పద్ధతిని ఏ.వి. రామారావు బృందం 1990ల తొలినాళ్లలో సిద్ధం చేసి మందుల కంపెనీ సిప్లాకు ఇచ్చింది. ఇక్కడ పనిచేసింది ఒక చట్టం, ఒక ల్యాబు, సరుకు కావాల్సిన ఒక కంపెనీ. ఆ రోజున మంత్రి ఎవరో చాలామందికి గుర్తు కూడా లేదు.

చివరగా ఒక తేదీ. 2012 అక్టోబరు 28. పెట్రోలియం మంత్రిగా ఉన్న మన జైపాల్ రెడ్డిని విజ్ఞాన శాస్త్ర, సాంకేతిక శాఖకు మార్చారు. పత్రికలు దాన్ని శిక్షగా రాశాయి, ఆయన అలిగారని కూడా రాశాయి. ఈ దేశంలో సైన్సు శాఖ ఇస్తే పదవి పోయినట్టే లెక్క! భారీ పరిశ్రమలు ఒకరికి, చిన్న పరిశ్రమలు ఒకరికి, వాణిజ్యంతో కలిపి మిగతా పరిశ్రమలు ఇంకొకరికి ఇస్తారు. ఈసారి మంత్రివర్గం మారినప్పుడు, టీవీలో కింద పరుగెత్తే అక్షరాల్లో సైన్సు శాఖ ఎన్నో పేరుగా వస్తుందో లెక్కపెట్టి నాకు రాయండి.