తిరగలి గుంతా, దుఃఖపు గుంతా?

అందరికీ నమస్కారం. ఒక గుంతతో మొదలుపెడతాను.

ఐర్లండ్ పడమటి వైపు క్లేర్ కౌంటీలో బరెన్ అనే సీమ ఉంది. ఆ పేరుకే రాతి నేల అని అర్థం. కనుచూపు మేర సున్నపురాయి బండలు, వాటి నెర్రెల్లో పూలు. అక్కడ నిలువు రాళ్ళ మీద పెద్ద పలక కప్పిన సమాధి ఒకటి ఉంది, వయసు 5,000 ఏళ్ళ పైమాటే. దాని పేరు పోల్ న బ్రోన్. చూడవచ్చిన వాళ్ళకు 'దుఃఖపు గుంత' అని చెబుతుంటారు. 1986లో, 1988లో తవ్వితే 30 మందికి పైగా మనుషుల ఎముకలు దొరికాయి కూడా. ఇంకేం, పేరు సరిపోయిందనుకుంటాం.

సరిపోలేదు. ఐరిష్‌లో 'బ్రోన్' అంటే దుఃఖమే, కానీ అది పుంలింగం. ఇలాంటి పేరులో దాని ముందు ఇంగ్లీషు 'ది' (the) లాంటి 'అన్' రావాలి, 'న' రాదు. ఇక్కడ 'న' ఉందంటే అసలు మాట, ఇలాంటి పేరులో 'బ్రోన్'గా మారే 'బ్రో' అనే స్త్రీలింగ పదం. అంటే తిరగలి. పాపం, తిరగలి గుంత అంటే బస్సు దిగేదెవరు?

19వ శతాబ్దపు సర్వేవాళ్ళు పటాలు గీస్తూ ఐరిష్ పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఇరికించారు. అడ్డగోలుగా చేశారనలేం. జాన్ ఓడోనవన్ అనే పండితుడు ఊరూరా తిరిగి, ముసలివాళ్ళ నోట పేరు ఎలా పలుకుతుందో విని రాసుకున్నాడు. 1839లో క్లేర్‌కి వచ్చినప్పుడు, అక్కడే పుట్టిన యూజీన్ ఓకర్రీ ఆయనకు తోడున్నాడు. అంత శ్రమపడ్డా పటం మీదికి ఎక్కింది శబ్దమే. ఐరిష్ మాట్లాడేవాళ్ళు తగ్గిపోయాక ఎవరికి తోచిన అర్థం వాళ్ళు చెప్పుకున్నారు.

అదే సీమలో, స్లీవ్ కారన్ కొండ దగ్గర 'బోహర్ న మీస్' ఉంది. పళ్ళేల బాట. ఈ పేరు మాత్రం తన కథను వదల్లేదు. 7వ శతాబ్దపు కోల్మన్ అనే ముని, ఒక శిష్యుడితో అక్కడ ఈస్టర్ ముందరి ఉపవాసం ఉన్నాడట. పండగ నాటికి శిష్యుడు ఆకలికి ఆగలేక గోల పెట్టాడు. సరిగ్గా అప్పుడే గువైర్ రాజు తన కోటలో విందుకు కూర్చున్నాడు. వడ్డించిన పళ్ళేలు వడ్డించినట్టే గాల్లోకి లేచిపోయాయి! రాజు, అతని బంట్లు గుర్రాలెక్కి వెంటపడ్డారు. పళ్ళేలు వెళ్ళి ముని ముందు వాలాయి. గుర్రాల కాళ్ళేమో బండకు అతుక్కుపోయి, ముని ప్రార్థించేదాకా ఊడిరాలేదు. వాననీటికి రాయి కరిగి పడిన గుంటల్ని డెక్కల గుర్తులని ఇప్పటికీ చూపిస్తారు.

నాకు మాత్రం ఆ శిష్యుడి గతే గుర్తుండిపోయింది. అన్నాళ్ళ పస్తు మీద ఒక్కసారిగా మెక్కి, అక్కడికక్కడే ప్రాణం వదిలాడు. అతని సమాధి అంటూ దగ్గర్లోనే ఒకటి ఉంది.