“ఈ ఒక్క వారం సర్దుకోమ్మా”

అక్కలకీ, చెల్లెళ్లకీ, వెనక వరసలో పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అమ్మలకీ నమస్కారం.

2020 ఏప్రిల్‌లో నేను శ్రీకాకుళంలో ఒక బ్యాంకు కౌంటర్‌లో ఉన్నాను. కరోనా భయంతో ఊరంతా తలుపులు వేసుకున్నా మాకు సెలవు లేదు. జన్‌ధన్ ఖాతా ఉన్న ఆడవాళ్లకు కేంద్రం నెలకు 500 రూపాయల చొప్పున మూడు నెలలు వేసింది. ఆ డబ్బు కోసం పొద్దున్నే లైను కట్టేవారు. చంకలో బిడ్డతో వచ్చినవాళ్లు ఎందరో.

నా పాపకు అప్పుడు మూడేళ్లు. అంగన్‌వాడీ మూసేశారు. పలాస నుంచి అమ్మ వద్దామంటే బస్సుల్లేవు. పక్కింటి అప్ప “నువ్వెళ్లమ్మా, గుంటని నాను సూస్తాను” అనబట్టి ఉద్యోగం నిలిచింది.

సాయంత్రం ఇంటికొస్తే పెరట్లోనే స్నానం, బట్టలు సర్ఫు నీళ్లలో. కిటికీ ఊచల్లోంచి చేతులు చాచి పాప ఏడ్చేది. కొన్నాళ్లకు ఏడవడం మానేసింది. దూరంగా నిలబడి “అమ్మా, నీళ్లు పోసుకున్నావా?” అని అడిగి, ఊఁ అంటేనే దగ్గరికొచ్చేది. మూడేళ్ల పిల్ల!

ఒకరోజు దానికి జ్వరం వచ్చింది. ఆ రోజుల్లో జ్వరమంటే ఎంత టెన్షనో మీకు చెప్పక్కర్లేదు. సెలవు అడిగితే మా సారు “స్టాఫ్ లేరు, ఈ ఒక్క వారం సర్దుకోమ్మా” అన్నారు. ఆయన చెడ్డవారు కాదు, ఆయనకూ పైనుంచి ఒత్తిడే. కానీ ఆయన పిల్లల్ని ఇంట్లో ఎవరు చూస్తున్నారని ఆయన్ని ఎవరూ అడగలేదు. ఆయనకు అడగాల్సిన అవసరమే రాలేదు.

2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి సెలవును 26 వారాలు చేశారు. 50 మంది, ఆపైన పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే కేంద్రం ఉండాలన్నారు. మంచిదే. పదిమంది ఉన్న ఆఫీసులో ఎవర్ని అడగాలి? కేంద్రం ఉన్నా, కరోనాలో దానికీ తాళమే కదా. ఇక ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి జ్వరాల లెక్క రాశారు, అంగన్‌వాడీ చెల్లెళ్లు గుమ్మాల దగ్గరికే సరుకులు మోశారు. వాళ్లకొచ్చేది గౌరవ వేతనం. దాన్ని జీతం అనడానికి కూడా ప్రభుత్వానికి మనసొప్పదు.

మళ్లీ అలాంటి రోజులొస్తే, డ్యూటీ చార్టు వేసేముందు ఇంట్లో పిల్లల్ని ఎవరు చూస్తారని అందర్నీ అడగాలి, మగవాళ్లతో సహా. చంటిపిల్లల తల్లులకు రోజు మార్చి రోజు డ్యూటీ వెయ్యాలి. బిడ్డకు జ్వరమొస్తే ఇచ్చే సెలవు ఆఫీసరు దయ మీద కాకుండా, రూలుగా కాగితం మీద ఉండాలి. ఇవే రాసిన అర్జీ గుమ్మం పక్క బల్ల మీద ఉంది. చదివి సంతకం పెట్టండి. నేను మర్చిపోయినవి మీకు తోస్తే కింద ఖాళీ వదిలాను, రాయండి.