గోస్తని వెంట భీమిలికి

నమస్కారం. విశాఖపట్నంలో ఆదివారం వచ్చిందంటే బీచ్ రోడ్డు పట్టుకొని భీమిలి వెళ్లి, కాసేపు అలల్లో నిలబడి, చీకటి పడేలోగా ఇల్లు చేరడం మనలో చాలామందికి అలవాటు. కానీ భీమునిపట్నం సముద్రపు ఊరు ఎంతో నది ఊరు కూడా అంతే, ఆ సంగతే మనం మరిచిపోయాం. అందుకే ఈ రోజు ఆ ఊరికి తీరం వెంట కాకుండా గోస్తని నది వెంట వెళ్దాం.

అనంతగిరి కొండల్లో పుట్టిన ఈ నది బొర్రా గుహల గుండా సాగుతుంది. సున్నపురాయిని నీరు వేల ఏళ్లపాటు కరిగిస్తూ, బొట్టు బొట్టుగా మళ్లీ పేరుస్తూ చెక్కిన గుహలవి. మేతకు వెళ్లిన ఆవు పైకప్పులోని కన్నంలోంచి జారిపడిందని, దాన్ని వెతుకుతూ దిగిన కాపరికి లోపల శివలింగం కనిపించిందని స్థానికులు చెబుతారు. ఆవు పొదుగు అనే అర్థమున్న నది పేరును కూడా ఆ కథతోనే ముడిపెడతారు. కొండ దిగిన గోస్తనిని తాటిపూడి జలాశయం ఆపుతుంది. మన నగరంలోని కుళాయిలకు వచ్చే నీటిలో కొంత అక్కడిదే.

ఇక నది సముద్రంలో కలిసే చోటు భీమిలి. పదిహేడవ శతాబ్దంలో డచ్ వర్తకులు ఇక్కడ స్థావరం ఏర్పరచుకున్నారు. ఓడలు ఒడ్డుకు రాలేక దూరంగా లంగరు వేస్తే, సరుకును పడవల్లో చేరవేసేవారు. ఆ వర్తకుల సమాధులు కొనదేలిన స్తంభాలతో నేటికీ ఊళ్లో ఉన్నాయి. ఆంగ్లేయులకూ డచ్చివారికీ మధ్య 1824లో కుదిరిన ఒప్పందం తరువాత, 1825లో ఈ స్థావరం ఆంగ్లేయుల చేతికి వచ్చింది. 1861లోనే ఇక్కడ పురపాలక సంఘం ఏర్పడిందంటే, అప్పట్లో ఈ రేవు ఎంత సందడిగా ఉండేదో ఊహించవచ్చు.

ఆ సందడిలో గోగునారకు పెద్ద వాటా ఉంది. మనం ఆకును పచ్చడి చేసుకొని తినే గోంగూర కుటుంబపు మొక్క కాండం నుంచి తీసిన ఈ నార, విదేశీ మార్కెట్లలో ‘బిమ్లీ జూట్’గా ఊరి పేరుతోనే చలామణి అయింది. భీమిలి చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే. 1933లో విశాఖ నౌకాశ్రయం ప్రారంభమయ్యాక, పెద్ద ఓడలు నేరుగా లోపలికే రాగలిగినప్పుడు, పడవల మీద ఆధారపడిన ఈ రేవు పోటీలో నిలవలేకపోయింది.

డచ్చివారికన్నా చాలా ముందే ఈ తీరం బౌద్ధ భిక్షువులకు నివాసం. విశాఖ నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డు పక్కనున్న తొట్లకొండ మీద ఆరామం ఉన్నట్టు 1970లలో నౌకాదళం జరిపిన సర్వేలో తెలిసింది. తవ్వకాల్లో రోమన్ వెండి నాణేలు దొరకడాన్ని బట్టి, ఆనాటి సముద్ర వర్తకంతో ఈ ఆరామానికి సంబంధం ఉండేదని గ్రహించవచ్చు. కొండకు ఆ పేరు, వాన నీటిని పట్టి ఉంచడానికి రాతిలో తొలిచిన తొట్ల వల్లే వచ్చింది.

అలాంటి తొట్లే భీమిలి పక్కనున్న పావురాలకొండ మీద కూడా ఉన్నాయి. ఎండ ముదరకముందే, నీళ్ల సీసా పట్టుకొని ఎక్కండి. పైనుంచి చూస్తే, బొర్రాలో గుహల చీకట్లో మనకు కనిపించిన ఆ నదే, ఇసుక తిన్నెల మధ్య వెడల్పుగా పరుచుకొని సముద్రంలోకి దిగుతూ కనిపిస్తుంది.