రేఖల పట్టిక దాచకండి

అధ్యక్షులవారికి, వేదిక మీదున్న పెద్దలకు, కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డ విద్యార్థులకు నమస్కారం. నన్ను పిలిచినవారికి, పిలవాల్సిందేనని పట్టుబట్టినవారికి, పొద్దుటి నుంచీ ఈ ప్రొజెక్టరుతో కుస్తీ పడుతున్న కుర్రాళ్లకు కృతజ్ఞతలు. ఆహ్వానపత్రంలో నా ప్రసంగానికి ‘అతి దూరపు గెలాక్సీలు’ అని పేరు పెట్టారు. దూరం సంగతి తక్కువే మాట్లాడతాను. వాటిలో ఏముందో, ఎంతుందో మనకెలా తెలుస్తోందన్నదే నా విషయం. ఆ లెక్క రాసే పద్ధతిలో ఒక అన్యాయం జరుగుతోంది: తుది విలువలు ఉంచి, అవి వచ్చిన రేఖల కొలతల పట్టికలు తీసేస్తున్నారు. అది చెప్పుకోవడానికే వచ్చాను.

మొదట్లో విశ్వంలో ఉన్నది దాదాపుగా హైడ్రోజన్, హీలియం మాత్రమే. మిగతా సరుకంతా, కొద్ది మినహాయింపులతో, నక్షత్రాలు వండినదే. హీలియం కంటే బరువైన ప్రతిదాన్నీ మా రంగంలో లోహమనే అంటాం. వాటిలో ముందు కొలిచేది ఆక్సిజన్‌ని. భార మూలకాల మొత్తం బరువులో సగానికి కాస్త తక్కువ అదే. సూర్యుడి బరువుకు ఎనిమిది రెట్లు మించిన నక్షత్రాలు త్వరగా పుట్టి త్వరగా పేలి దాన్ని వాయువులో కలిపేస్తాయి. పక్కనే ఉన్న కుర్ర నక్షత్రాల వేడికి అది ఆకుపచ్చ కాంతిగా బయటపడుతుంది.

ఆ ఆకుపచ్చ కాంతి కథ చెప్పి తీరాలి. నా విద్యార్థులు దీన్ని చాలాసార్లు విన్నారు, మళ్లీ వినండి. 1864 ఆగస్టు 29 రాత్రి విలియం హగ్గిన్స్ డ్రాకో రాశిలోని ఒక నీహారిక అనే వాయుమేఘం వైపు, కాంతిని రంగులుగా విడదీసే స్పెక్ట్రోస్కోపు తిప్పాడు. నక్షత్రాలకు ఉన్నట్టు రంగుల పట్టీ కనపడలేదు. విడివిడి రేఖలు కనిపించాయి. వాటిలో బాగా వెలిగే ఆకుపచ్చ రేఖలు భూమ్మీద తెలిసిన ఏ మూలకానికీ సరిపోలేదు. ఇదేదో కొత్త మూలకమనుకున్నారు, నెబ్యూలియం అని పేరు కూడా పెట్టారు. ఆవర్తన పట్టికలో ఖాళీలు నిండిపోతున్నా దానికి చోటు దొరకలేదు. 1927లో ఐరా బోవెన్ తేల్చాడు: అది రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న మామూలు ఆక్సిజన్. ఆ అయాను పై శక్తి మెట్టు నుంచి దిగి 500.7 నానోమీటర్ల కాంతి వదలడానికి సగటున అర నిమిషం పైనే పడుతుంది. ప్రయోగశాల వాయువులో ఆ లోపే ఏదో ఒకటి వచ్చి ఢీకొంటుంది. నీహారికలో ఢీకొనేవి అరుదు, కాబట్టి అయానుకు తీరిక ఉంటుంది.

ఇక్కడ ఆగి ఒక సంగతి చూడండి. నెబ్యూలియం అబద్ధమైంది. హగ్గిన్స్, ఆయన తర్వాతివారు ఆ రేఖలు ఎక్కడున్నాయో కొలిచి రాసిన అంకెలు మాత్రం అబద్ధం కాలేదు. అవి లేకుంటే బోవెన్‌కి పోల్చి చూసుకోవడానికి ఏముండేది?

సరే, ఆక్సిజన్ ఉందని తెలిసింది. ఎంత? రేఖ బలంగా ఉంటే ఆక్సిజన్ ఎక్కువని అనుకోవద్దు. వాయువు వేడెక్కినా రేఖ బలపడుతుంది. కాబట్టి ముందు ఉష్ణోగ్రత తెలియాలి. అది చెప్పేది 436.3 నానోమీటర్ల దగ్గరుండే ఒక పీల ఆక్సిజన్ రేఖ. ఇది ఇంకా పై మెట్టు నుంచి పుడుతుంది. అక్కడికి ఎక్కించాలంటే ఢీకొనే ఎలక్ట్రానుకు ఎక్కువ శక్తి కావాలి, అంటే వాయువు వేడిగా ఉండాలి. పదివేల డిగ్రీల దగ్గర 495.9, 500.7 ఆకుపచ్చ రేఖలు రెండూ కలిపితే వచ్చే కాంతిలో ఇది సుమారు రెండు వందలో వంతు. ఎనిమిది వేల డిగ్రీలకు దిగితే దాదాపు ఐదు వందలో వంతు. పైగా ఆక్సిజన్ పెరిగేకొద్దీ వాయువు చల్లబడుతుంది, రేఖ ఇంకా చిక్కిపోతుంది. పక్కనే 434.0లో హైడ్రోజన్ రేఖ ఒకటి. స్పెక్ట్రోగ్రాఫుకు దగ్గరి రేఖలను విడదీసే శక్తి చాలకపోతే రెండూ ఒకే గుట్టగా కనపడతాయి.

అందుకని బలమైన రేఖల నిష్పత్తులతో సూత్రాలు కట్టుకున్నారు. 1979లో పేజెల్ బృందం మొదలుపెట్టిన ఆర్23, ఆక్సిజన్ రేఖలను హైడ్రోజన్ రేఖతో పోల్చే నిష్పత్తి, అలాంటిదే. తప్పేమీ లేదు, అవసరం అలాంటిది. కానీ ఆర్23కి ఒకే విలువ దగ్గర రెండు జవాబులుంటాయి, ఒకటి ఆక్సిజన్ తక్కువున్న పేద వాయువు, ఒకటి ఎక్కువున్న సంపన్న వాయువు. ఏదో తేల్చడానికి నైట్రోజన్ రేఖను సాయం తెచ్చుకుంటాం. జీఎన్-జడ్11 లాంటి తొలినాటి గెలాక్సీలో నైట్రోజనే అనుకున్నదానికంటే ఎక్కువగా ఉన్నట్టు కనిపించింది. అప్పుడు ఆ సాయాన్ని ఎంతవరకు నమ్మాలి? 2008లో కెవ్లీ, ఎలిసన్ రకరకాల సూత్రాలను ఒకే గెలాక్సీల మీద పెట్టి చూస్తే తేడా లాగరిథమ్‌లో 0.7 దాకా వచ్చింది. అంటే ఐదు రెట్లు! అవే గెలాక్సీలు, అవే రేఖలు.

గెలాక్సీలో లోహాలు ‘సూర్యుడిలో పదో వంతు’ అని రాస్తారు కదా, ఏ సూర్యుడు? 1989 నాటి ప్రామాణిక పట్టిక ప్రకారం సూర్యుడిలో లక్ష హైడ్రోజన్ పరమాణువులకు 85 ఆక్సిజన్ పరమాణువులు. 2009 పట్టికలో 49. కొలబద్దే మారింది. పాత పేపర్లో పదో వంతు, కొత్త పేపర్లో పదో వంతు ఒకటి కావు.

గెలాక్సీ బరువుకీ లోహాలకీ ఉన్న సంబంధం గురించి తెచ్చిన స్లైడ్లు వదిలేస్తున్నాను. సమయం దీనికే కావాలి.

నా పేపరు ఒకటి ఒక పరిశోధన పత్రికకు పంపాను. 436.3 కనపడని గెలాక్సీలకు కూడా, కనపడలేదని రాసి, ఉంటే ఇంతకు మించదని గరిష్ఠ హద్దులు వేసి పట్టిక పెట్టాను. కనపడని రేఖకు పట్టిక దేనికి, తుది లోహ విలువలు చాలు, తీసేయమని ఆ పత్రికవాళ్లు ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. కనపడలేదన్నదీ కొలతే కదండీ! అంత కాంతి కూడా లేదంటే వాయువు ఇంతకంటే వేడిగా లేదని అర్థం. ఆ అంకె పారేస్తే రేపు కొత్త సూత్రం కట్టేవాడు పరికరం పట్టుకుని మళ్లీ మొదట్నుంచి రావాలి.

జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు వచ్చాక ఇది మరీ అవసరమైంది. 2022 జులైలో విడుదలైన తొలి డేటాలోనే రెడ్‌షిఫ్ట్, అంటే విశ్వం విస్తరించడంతో కాంతి తరంగం సాగిన మేర, 8.5 ఉన్న గెలాక్సీలో 436.3 దొరికింది, సాగిసాగి 4.1 మైక్రాన్ల దగ్గర. ఆ వార్త చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. వెంటనే అదే డేటా నుంచి వేర్వేరు బృందాలు వేర్వేరు లోహ విలువలు తీశాయి. పరికరం కొలతలను సరిచూసే క్రమాంకనం అప్పటికింకా కుదుటపడలేదు. రేఖల తీవ్రతలు పట్టికల్లో ఉన్నాయి కాబట్టే తేడా ఎక్కడొచ్చిందో వెతకగలిగారు.

రెడ్‌షిఫ్ట్ పదికి చేరేసరికి 500.7 కూడా వెబ్‌లోని ఆ స్పెక్ట్రోగ్రాఫు అంచు దాటిపోతుంది. 2025లో జేడ్స్-జీఎస్-జడ్14-0 అనే గెలాక్సీలో ఆక్సిజన్‌ని పట్టింది చిలీలోని ఆల్మా రేడియో టెలిస్కోపులు, 88 మైక్రాన్ల రేఖతో. విశ్వం వయసు ముప్పై కోట్ల ఏళ్లయినా నిండని కాలమది. అనుకున్నదానికి పది రెట్లు లోహాలున్నాయని వార్తాపత్రికలన్నీ రాశాయి. రేఖ నుంచి ఆ మాట దాకా ఎన్ని ఊహలు దాటి వెళ్లాలో ఎవరూ రాయలేదు. ఆ దారి చెప్పాల్సింది మనమే, విలేకరులు కాదు.

అమ్మాయిలూ, అబ్బాయిలూ, మీలో ఈ ఏడాది పేపరు రాస్తున్నవాళ్లున్నారు. ప్రతి రేఖ తీవ్రతా, దాని కొలతలో ఉండగల దోషమూ రాయండి. ధూళి సవరణకు ముందు విలువ ఒక వరసలో, తర్వాతిది పక్క వరసలో వేయండి. 500.7, 495.9 నిష్పత్తి మూడుకు దగ్గరగా రావాలి. రాకపోతే మీ డేటాలో ఏదో తేడా ఉన్నట్టే, ఆ నిష్పత్తి కూడా చూపించండి. ఏ సూత్రం, ఏ ఏడాది సూర్యుడు, రెండూ పట్టిక శీర్షికలోనే ఉండాలి. పేపరును పరిశీలించే రిఫరీ పట్టిక తీసేయమంటే అనుబంధంలోకి మార్చండి, అక్కడా వద్దంటే ఎవరైనా దించుకోగలిగే చోట ఫైలు పెట్టి దాని చిరునామా పేపర్లో ఇవ్వండి. పట్టిక నమూనా నా దగ్గరుంది, కావాల్సినవాళ్లు పెన్‌డ్రైవ్ తీసుకుని ముందుకు రండి.