శ్రీశైలం దాకా పరుగెత్తొచ్చా? డాక్టరు గారితో ఫోన్-ఇన్

ప్రయోక్త: నమస్కారం. శివరాత్రి దగ్గర పడుతోంది. హైదరాబాద్ నుంచి శ్రీశైలానికి నడిచి వెళ్లేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు, పరుగెత్తుకుంటూ వెళ్తామనే వాళ్ల మెసేజ్‌లు కూడా వస్తున్నాయి. క్రీడా గాయాలు చూసే డాక్టరు గారు స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్, దిల్‌సుఖ్‌నగర్ నుంచి.

కాలర్: హలో... హలో... వినపడుతోందా స్వామీ?

ప్రయోక్త: వినపడుతోందండి, టీవీ సౌండ్ తగ్గించండి.

కాలర్: తగ్గించాను. ఓం నమశ్శివాయ, డాక్టర్ స్వామీ. మాలలో ఉన్నాను. నాకు 54 ఏళ్లు. పోయినేడు కూడా బయల్దేరాను స్వామీ. తుక్కుగూడ, కడ్తాల్, ఆమనగల్లు... కల్వకుర్తి దాకా గుర్రంలా పోయాను. మా బావమరిది అరటిపళ్లు, నీళ్లు పెట్టుకుని స్కూటర్ మీద వెనకాలే వచ్చాడు. మూడో రోజు మన్ననూర్ చెక్‌పోస్టు దగ్గర కాసేపు కూర్చుందామని కూర్చున్నాను, అంతే, లేవలేకపోయాను. ఈసారి మూడు రోజుల్లో శ్రీశైలం చేరాలి. మోకాలికి ఏ పట్టీ కట్టుకోమంటారు?

డాక్టర్: నొప్పి మోకాలికి ముందా, బయటి పక్కనా?

కాలర్: ఆ రోజు మా బావమరిది ఏమన్నాడంటే...

డాక్టర్: బావమరిది సంగతి తర్వాత స్వామీ. ఎక్కడ నొప్పి?

కాలర్: బయటి పక్క. దిగుడులో సూది పెట్టి పొడిచినట్టు ఉంటుంది.

డాక్టర్: తుంటి నుంచి మోకాలి కింద దాకా బయటివైపు బెల్టు లాంటి కణజాలం ఉంటుంది, ఐటీ బ్యాండ్ అంటాం. అక్కడ వచ్చిన బాధ లాగుంది, చేత్తో పట్టి చూస్తే గానీ ఖాయంగా చెప్పలేను. మీరు అసలు దిగుడు ఇంకా చూడలేదు. దోమలపెంట దాటాక డ్యామ్ దాకా ఘాట్ రోడ్డు దిగుడు, ఆపైన మళ్లీ ఎక్కుడు. దానికి పట్టీ చాలదు, తుంటికి బలం రావాలి. పక్కకు తిరిగి పడుకుని కాలు ఎత్తి దించడం, మెట్టు మీద ఒంటికాలిపై మెల్లగా దిగడం చేయండి. వారాలు పడుతుంది. ఇప్పుడు రోజూ ఎంత పరుగు?

కాలర్: సరూర్‌నగర్ చెరువు దగ్గర ఐదు కిలోమీటర్లు. ఆదివారం పది.

డాక్టర్: ఆదివారం పది! మొత్తం దూరం 200 దాటుతుంది. మూడు రోజులంటే రోజుకు 70.

కాలర్: శివయ్య ఉన్నాడు స్వామీ.

డాక్టర్: ఉన్నాడు. తొడలో కండ కూడా ఉండాలి కదా. సరే, పోయినేడు నొప్పి మాత్రలు వేసుకున్నారా?

కాలర్: డైక్లోఫెనాక్. పొద్దున రెండు, మధ్యాహ్నం రెండు.

డాక్టర్: చూశారా! అందరూ వినండి, ఈ మాట మళ్లీ మళ్లీ చెప్తాను. మాత్ర మింగి పరుగెత్తొద్దు. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి కిడ్నీకి వెళ్లే రక్తాన్ని ఇంకా తగ్గిస్తాయి. దానికి తోడు కండరం చితికితే ఆ సరుకంతా రక్తంలో కలిసి కిడ్నీల మీదే పడుతుంది. మూత్రం ఏ రంగులో వచ్చింది?

కాలర్: అదీ... కాఫీ డికాక్షన్ లాగా. ఎండకు అనుకున్నాను.

డాక్టర్: మన్ననూర్‌లో మిమ్మల్ని కూర్చోబెట్టింది ఆ శివయ్యే అనుకోండి. ఆ రంగు కనిపిస్తే పరుగు ఆపి నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. ముందు కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోండి, పరుగు మాట ఆ తర్వాత. ఏం తింటున్నారు?

కాలర్: మధ్యాహ్నం భిక్ష, రాత్రి అల్పాహారం. చెప్పులు లేవు.

డాక్టర్: అలవాటు లేని కాలితో తారు రోడ్డు మీద పరుగా! మీ గురుస్వామిని అడిగి నడకకు మార్చుకోండి. నడిచినా సరే, దారిలో గంటగంటకూ ఖర్జూరమో, బెల్లం ముక్కో, అరటిపండో నోట్లో పడాలి.

కాలర్: అయితే మోకాలి పట్టీ...

ప్రయోక్త: స్వామీ, లైన్లో చాలామంది ఉన్నారు. మాదాపూర్ నుంచి కాల్.

కాలర్: హాయ్ డాక్టర్. స్పెయిన్‌లో కామినో అని కాలినడక తీర్థయాత్ర ఉంది, అది పరుగెత్తి చేద్దామని ప్లాన్. ఫ్రాన్స్ సరిహద్దు ఊరి నుంచి సాంటియాగో దాకా దాదాపు 780 కిలోమీటర్లు. నాకు 15 రోజులే సెలవు. ఫుల్ మారథాన్ నాలుగున్నర గంటల్లో చేశాను.

డాక్టర్: రోజుకు 52. మొదటి రోజు ఎవరైనా పరుగెత్తుతారు బాబూ. నాలుగో రోజు పొద్దున మంచం దిగి బాత్‌రూమ్ దాకా ఎలా నడుస్తావన్నదే పరీక్ష. ముందు ఇక్కడే వరసగా మూడు రోజులు, రోజుకు 30 చొప్పున, వీపున బ్యాగుతో చేసి చూడు. అక్కడ నడిచేవాళ్లు చివరి 100 కిలోమీటర్లు చేసినా సర్టిఫికెట్ ఇస్తారు. సెలవు తక్కువైతే దూరం తగ్గించుకో.

ప్రయోక్త: థాంక్యూ. సైనిక్‌పురి.

కాలర్: నమస్తే సార్. లాంగ్ రన్‌లో వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకుపోతోంది. తలనొప్పి, వాంతి వచ్చినట్టు కూడా. నీళ్లు బాగానే తాగుతున్నాను, ప్రతి కిలోమీటరుకూ.

డాక్టర్: ఎక్కువ తాగుతున్నారేమో అమ్మా. వట్టి నీళ్లు అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. అది ముదిరితే ఫిట్స్ దాకా పోతుంది. దాహం వేసినప్పుడే తాగండి. ఓఆర్ఎస్ లీటరు ప్యాకెట్‌ను లీటరు నీళ్లలోనే కలపాలి, చిన్న బాటిల్లో మొత్తం పోయొద్దు. ఓఆర్ఎస్ కూడా అతిగా వద్దు. ఉంగరం బిగిసిందంటే తాగడం ఆపి నడవండి. తల తిరిగినా, మాట తడబడినా ఆసుపత్రికే.

ప్రయోక్త: మలక్‌పేట, క్లుప్తంగా.

కాలర్: సార్, అలిపిరి 3,550 మెట్లు ఆగకుండా పరుగెత్తి ఎక్కాలని...

డాక్టర్: ఆ దారిలో మోకాళ్ల పర్వతం ఉంది. ఆ పేరు ఊరికే రాలేదు. మెట్ల మీద ముసలివాళ్లు, పిల్లలు ఎక్కుతుంటారు, వాళ్లను తోసుకుంటూ టైమింగ్ చూసుకుంటావా? నడిచి ఎక్కు.

ప్రయోక్త: దిల్‌సుఖ్‌నగర్ స్వామి మళ్లీ లైన్లోకి వచ్చారు.

కాలర్: ఒక్క మాట స్వామీ. మన్ననూర్ నుంచి రాత్రి చల్లగా పోతే మోకాలికి మంచిది కదా?

డాక్టర్: అది అమ్రాబాద్ పులుల అడవి స్వామీ. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లనే వదలరు. మీ బావమరిది స్కూటర్ కూడా రాదు. పగలే, నలుగురితో కలిసి, అటవీ శాఖ వాళ్లను ముందే అడిగి వెళ్లాలి.

కాలర్: ఈ మొక్కు మా ఆవిడ ఆపరేషన్ కోసం నేను మొక్కుకున్నది స్వామీ. ఆమె బాగుంది ఇప్పుడు. మధ్యలో బస్సెక్కితే తీరినట్టా, తీరనట్టా?

డాక్టర్: అది నేను చెప్పేది కాదు, గురుస్వామిని అడగండి. నాకు తెలిసింది ఒక్కటే. అక్కడ హాజరు రాసుకునేది సాక్షి గణపతి. మీ చేతికున్న వాచీలో కిలోమీటర్లు ఆయన అడిగినట్టు నేనెక్కడా వినలేదు. ఇంతకీ మొక్కినప్పుడు పరుగని మొక్కారా?

కాలర్: ...లేదు స్వామీ. కాలినడకన వస్తానని. పరుగు మా బావమరిది పెట్టాడు.

డాక్టర్: మరింకేం!

కాలర్: సరే స్వామీ. నడకైనా పట్టీ కట్టుకోవచ్చా?

డాక్టర్: కట్టుకోండి స్వామీ, కట్టుకోండి. క్రియాటినిన్ మరిచిపోకండి.

ప్రయోక్త: ధన్యవాదాలు డాక్టరు గారూ. ఉప్పల్ నుంచి ఇంకో కాల్... లైన్ కట్ అయినట్టుంది. సమయం కూడా అయిపోయింది. నమస్కారం.