నెల్లూరు నుంచి ఒంగోలు దాకా ఎన్ని కోతలు? కోఆల్జీబ్రా, బైఆల్జీబ్రా, హొప్ఫ్ ఆల్జీబ్రా

[తెర మీద: అడ్డంగా ఒక గీత, దాని మీద నాలుగు చుక్కలు. ఎడమ నుంచి వరసగా నెల్లూరు, కావలి, సింగరాయకొండ, ఒంగోలు]

నమస్కారం. ఎమ్మెస్సీ మ్యాథ్స్‌లో గ్రూపులు, రింగులు, మాడ్యూల్స్ అయిపోయాక కోఆల్జీబ్రా డెఫినిషన్ తెరిస్తే, తెలిసిన డయాగ్రమ్‌లోనే బాణాలన్నీ వెనక్కి తిప్పి ఉంటాయి. బాణాలు తిప్పడం సులువే. తిప్పాక చేతికి ఏమొచ్చిందో తెలియడమే కష్టం. అందుకే ఈ వీడియోలో లెక్కలన్నీ చేత్తో చేద్దాం. నోటు పుస్తకం దగ్గర పెట్టుకోండి. వెక్టర్ స్పేస్, టెన్సర్ ప్రోడక్ట్ తెలిసుంటే చాలు.

ఆల్జీబ్రాలో గుణకారం రెండు ఎలిమెంట్లు తీసుకుని ఒకటి ఇస్తుంది. కోఆల్జీబ్రాలో కోప్రోడక్ట్, అంటే డెల్టా, ఒక ఎలిమెంటును తీసుకుని టెన్సర్ ప్రోడక్ట్‌లోకి పంపుతుంది. దీన్ని "విడగొట్టడం" అంటుంటారు. ఆ మాటతోనే చాలామంది దారి తప్పుతారు. చీమకుర్తి క్వారీలో గ్రానైట్ బ్లాకును ఒకచోట కోశారంటే ఆ కోతే ఖాయం, ఇంకోచోట కోసే అవకాశం పోయినట్టే. డెల్టా అలా ఒకదాన్ని ఎంచుకోదు. ఎన్ని చోట్ల కోయొచ్చో అన్ని కోతలనూ ప్లస్ గుర్తులతో కలిపి ఒకే మొత్తంగా రాస్తుంది. కింద వచ్చే ప్రతి లెక్కలోనూ ఈ సంగతి అక్కరకొస్తుంది.

ఇప్పుడు తెర మీది రైలు మార్గం చూడండి. మధ్యలో చిన్న స్టేషన్లు చాలా ఉన్నాయి, మన లెక్కకు నాలుగు చాలు. నె, కా, సిం, ఒం అని రాద్దాం. ఒక స్టేషన్ నుంచి అదే స్టేషనుకు గానీ, ఒంగోలు వైపున్న స్టేషనుకు గానీ ఉండే ప్రతి ముక్కనూ ఒక బేసిస్ ఎలిమెంటుగా తీసుకుందాం. [నె,కా] ఒకటి, [నె,ఒం] ఒకటి. [కా,కా] కూడా ఒకటి, పొడవు లేని ముక్క. మొత్తం 4+3+2+1, అంటే 10 డైమెన్షన్ల వెక్టర్ స్పేస్. పూర్తి ముక్క మీద డెల్టా ఇది:

[తెర మీద:
డెల్టా[నె,ఒం] = [నె,నె]⊗[నె,ఒం] + [నె,కా]⊗[కా,ఒం] + [నె,సిం]⊗[సిం,ఒం] + [నె,ఒం]⊗[ఒం,ఒం]]

నాలుగు స్టేషన్లు, నాలుగు కోతలు. కోఅసోసియేటివిటీ చూద్దాం. ఒకసారి కోశాక ఎడమ ముక్కను మళ్లీ కోయండి. ఎడమ ముక్క [నె,నె] అయితే దాన్ని ఒక రకంగానే కోయగలం, [నె,కా] అయితే రెండు రకాలు, [నె,సిం] అయితే మూడు, [నె,ఒం] అయితే నాలుగు. మొత్తం 10 పదాలు. ఎడమ బదులు కుడి ముక్కను మళ్లీ కోస్తే 4+3+2+1, ఇక్కడా 10. లెక్క కలవడం ఒక్కటే కాదు, పదాలు కూడా అవే. ఉదాహరణకు [నె,కా]⊗[కా,సిం]⊗[సిం,ఒం] రెండు జాబితాల్లోనూ సరిగ్గా ఒకసారి వస్తుంది: ముందు సింగరాయకొండలో కోసి తర్వాత కావలిలో కోసినా, ముందు కావలిలో కోసి తర్వాత సింగరాయకొండలో కోసినా మిగిలే మూడు ముక్కలూ ఇవే. పుస్తకంలోని చతురస్రం డయాగ్రమ్ చెప్పేది కూడా ఇంతే. 10 పదాలనూ ఒకసారి మీరే రాయండి, రెండు నిమిషాల పని.

కోయూనిట్, అంటే ఎప్సిలాన్, పొడవు లేని ముక్కకు 1, మిగతా ముక్కలన్నిటికీ 0 ఇస్తుంది. డెల్టాలోని ఎడమ భాగాల మీద దీన్ని వేస్తే మొదటి పదం ఒక్కటే నిలిచి, [నె,ఒం] తిరిగి వస్తుంది. కుడి భాగాల మీద వేస్తే చివరి పదం నిలుస్తుంది. పరీక్షల్లో తరచూ జరిగే పొరపాటు ఇక్కడే: "అసలు కోతలు" మధ్యలోనివే కదా అని మొదటి, చివరి పదాలు వదిలేస్తారు. వదిలేస్తే ఎప్సిలాన్ వేయగానే మొత్తం సున్నా అయిపోతుంది, అది కోఆల్జీబ్రా కానే కాదు. కోయూనిట్ నిలబడేది ఆ రెండు పదాల మీదే.

ఇంకో పొరపాటు రాతలో వస్తుంది. డెల్టా(క)ను క(1)⊗క(2) అని పొట్టిగా రాసే స్వీడ్లర్ పద్ధతి ఉంది. ముందు సిగ్మా ఉన్నా లేకపోయినా అది మొత్తమే. క(1) అనే ఎలిమెంటు విడిగా ఎక్కడా ఉండదు. "క(1) సున్నా కాబట్టి" అని వాదన మొదలుపెడితే ఆ వాదన అక్కడే కూలిపోతుంది.

[తెర మీద: ఆర్టీసీ ఛార్జీల పట్టికలా మెట్లు మెట్లుగా ఉన్న త్రికోణం పట్టిక]

ఇప్పుడు డ్యూయల్ స్పేస్‌కు వెళ్దాం. ప్రతి ముక్కకూ ఒక సంఖ్య ఇచ్చే ఫంక్షన్ అంటే బస్సు ఛార్జీల పట్టిక లాంటిదే: ఎక్కే చోటు ఒక పక్క, దిగే చోటు ఇంకో పక్క, సగం గళ్లు ఖాళీ. అలాంటి రెండు పట్టికలు ప, ఫ ఉంటే వాటి కన్వల్యూషన్ ఇది: [నె,ఒం] మీద ప[నె,స్టే]ను ఫ[స్టే,ఒం]తో గుణించి, మధ్య స్టేషన్లన్నిటి మీదా కూడాలి, రెండు చివరలతో సహా. ఇది 4×4 అప్పర్ ట్రయాంగ్యులర్ మాట్రిక్సుల గుణకారమే. అంటే కోఆల్జీబ్రా డ్యూయల్ తీస్తే ఆల్జీబ్రా వచ్చింది. అన్ని గళ్లలో 1 ఉన్న పట్టికను దానితోనే గుణిస్తే [నె,ఒం] గడిలో 4 వస్తుంది, స్టేషన్ల సంఖ్య. దాని ఇన్వర్స్‌లో డయాగొనల్ మీద 1, పక్క పక్క స్టేషన్లకు −1, మిగతా గళ్లలో 0. మోబియస్ ఫంక్షన్ అంటే ఇదే.

కోఆల్జీబ్రా డ్యూయల్ ఎప్పుడూ ఆల్జీబ్రానే. తిరుగు ప్రయాణం మాత్రం అంత సాఫీ కాదు. ఆల్జీబ్రాకు (దాన్ని ఆ అని, దాని డ్యూయల్‌ను ఆ* అని రాద్దాం) డైమెన్షన్ అనంతమైతే, గుణకారానికి డ్యూయల్ తీసినప్పుడు వచ్చేది (ఆ⊗ఆ)* లోకి వెళ్తుంది, ఆ*⊗ఆ* లోకి కాదు. రెండోది మొదటిదానిలో చిన్న భాగం మాత్రమే. అప్పుడు డ్యూయల్ మొత్తాన్నీ కాక, ఆ*⊗ఆ* లోనే పడే ఫంక్షన్లతో ఏర్పడే ఫైనైట్ డ్యూయల్ అనే సబ్‌స్పేస్‌ను తీసుకోవాలి.

బైఆల్జీబ్రాకు వద్దాం. ఒకే వెక్టర్ స్పేస్ మీద గుణకారమూ ఉండాలి, డెల్టా కూడా ఉండాలి. ఉంటే సరిపోదు, రెండూ పొసగాలి: డెల్టా(కఖ) = డెల్టా(క)డెల్టా(ఖ), ఎప్సిలాన్(కఖ) = ఎప్సిలాన్(క)ఎప్సిలాన్(ఖ), 1 మీద డెల్టా వేస్తే 1⊗1, ఎప్సిలాన్ వేస్తే 1.

మన రైలునే వాడదాం. స్టేషన్ల పేర్లు మర్చిపోయి, ఎన్ని అంగలు అన్నది ఒక్కటే గుర్తుపెట్టుకుందాం. మార్గం ఎంత పొడవైనా ఉండొచ్చు. న అంగల ముక్క దₙ. పొడవు లేనిది ద₀, దాన్ని 1 అనుకుందాం.

[తెర మీద:
డెల్టా(ద₁) = ద₁⊗1 + 1⊗ద₁
డెల్టా(ద₂) = ద₂⊗1 + ద₁⊗ద₁ + 1⊗ద₂]

గుణకారం ఏం పెడదాం? ఎవరికైనా మొదట తట్టేది ముక్కలను అతికించడం: ద₁·ద₁ = ద₂. వేసి చూడండి. డెల్టా(ద₁)ను దానితోనే గుణిస్తే ద₂⊗1 + 2(ద₁⊗ద₁) + 1⊗ద₂ వస్తుంది. తెర మీది డెల్టా(ద₂)లో మధ్య పదం ఒక్కటే, ఇక్కడ రెండు. పొసగలేదు.

ఎందుకు పొసగలేదంటే, రెండు వేర్వేరు అంగలున్నప్పుడు ఎడమకు ఏది, కుడికి ఏది అని రెండు రకాలుగా పంచొచ్చు. అతికించిన ముక్కలోనేమో కోసే చోటు మధ్యలో ఒక్కటే. ఆ తేడాకు తగ్గట్టు గుణకారాన్నే సవరించాలి: ద₁·ద₁ = 2ద₂. సాధారణంగా దₘ·దₙ = (మ+న వస్తువుల్లో మ ఎంచుకునే రకాలు) × దₘ₊ₙ. ఇప్పుడు రెండు వైపులా 2ద₂⊗1 + 2(ద₁⊗ద₁) + 1⊗2ద₂ వచ్చి సరిపోతుంది. క్యారెక్టరిస్టిక్ 0 ఉన్న ఫీల్డ్ మీద దₙ అంటే చⁿను న ఫ్యాక్టోరియల్‌తో భాగించినదే, అంటే ఇది మారువేషంలో ఉన్న పాలినామియల్ రింగు. (పుస్తకాల్లో ఎక్స్ అని ఉండే చరరాశికి ఇక్కడ చ అని రాస్తున్నాం.) క్యారెక్టరిస్టిక్ 5 అయితే ద₁ను ఐదుసార్లు గుణించినప్పుడు 120ద₅ వస్తుంది, 120 అక్కడ సున్నా. కాబట్టి అక్కడ ఇది పాలినామియల్ రింగు కాదు, వేరే వస్తువు.

మాట్రిక్సులతో ఇంకో హెచ్చరిక. ఇ₁₁, ఇ₁₂, ఇ₂₁, ఇ₂₂ మీద డెల్టా(ఇ₁₁) = ఇ₁₁⊗ఇ₁₁ + ఇ₁₂⊗ఇ₂₁ అనే మంచి కోప్రోడక్ట్ ఉంది. మామూలు మాట్రిక్స్ గుణకారమూ ఉంది. రెండూ ఉన్నాయి కదా, బైఆల్జీబ్రా అయినట్టే అనుకోకండి. ఇ₁₁·ఇ₁₁ = ఇ₁₁, కానీ డెల్టా(ఇ₁₁)ను దానితోనే గుణిస్తే ఇ₁₁⊗ఇ₁₁ ఒక్కటే మిగులుతుంది, రెండో పదం మాయం.

అసలు ఈ బాణాలు ఎందుకు తిరిగాయి? హైంజ్ హొప్ఫ్ 1941లో ప్రచురించిన పేపరు గ్రూప్ మానిఫోల్డుల టోపాలజీ గురించి. గ్రూపులో గుణకారం జంట నుంచి ఒకదానికి వెళ్తుంది. కోహోమాలజీ తీస్తే బాణం వెనక్కి తిరుగుతుంది, ఒకదాని నుంచి టెన్సర్ జంటకు. అంటే డెల్టాను ఎవరో కోరి కల్పించలేదు, టోపాలజీలోంచి దానంతట అదే వచ్చింది. అక్కడ గ్రేడింగ్, అంటే ఎలిమెంట్లను డిగ్రీల వారీగా పంచడం, ఉంటుంది కాబట్టి మైనస్ గుర్తులు అదనంగా వస్తాయి. 1965లో మిల్నర్, మూర్ రాసిన పేపరు, 1969లో స్వీడ్లర్ పుస్తకం ఈ విషయాన్ని ఆల్జీబ్రాలో స్థిరపరిచాయి. 1986లో బర్కిలీలో జరిగిన అంతర్జాతీయ గణిత మహాసభ వేళ డ్రిన్‌ఫెల్డ్ క్వాంటమ్ గ్రూపులను ముందుకు తెచ్చాక దీని దశే మారింది.

ఇక యాంటిపోడ్. ఇది ఉన్న బైఆల్జీబ్రానే హొప్ఫ్ ఆల్జీబ్రా అంటారు. యాంటిపోడ్‌ను స అని రాద్దాం. షరతు: డెల్టా వేసి, ఎడమ భాగాల మీద స వేసి, గుణించి కూడితే ఎప్సిలాన్(క)·1 రావాలి. కుడి భాగాల మీద స వేసినా అంతే రావాలి. కన్వల్యూషన్ భాషలో స అంటే ఐడెంటిటీ మ్యాప్‌కు ఇన్వర్స్. ఇన్వర్స్ ఉంటే ఒక్కటే ఉంటుంది, కాబట్టి స మన ఇష్టం కాదు. బైఆల్జీబ్రా చేతిలో పెట్టగానే అది ఉందా లేదా అన్నది తేలిపోయే ఉంటుంది.

దₙల మీద కడదాం. ద₁కు: స(ద₁) + ద₁ = 0, కాబట్టి స(ద₁) = −ద₁. ద₂కు: స(ద₂) + స(ద₁)ద₁ + ద₂ = 0. మధ్య పదం −2ద₂ కాబట్టి స(ద₂) = ద₂. ద₃కు −ద₃ వస్తుంది, కట్టి చూడండి. చిన్నవి తెలిస్తే పెద్దది దానంతట అదే వస్తోంది చూశారా? పొడవు సున్నా దగ్గర 1 తప్ప ఇంకేమీ లేని గ్రేడెడ్ బైఆల్జీబ్రా ఏదైనా సరే, ఇదే పద్ధతిలో యాంటిపోడ్ దొరుకుతుంది.

అన్నిచోట్లా దొరకదు. అదే పాలినామియల్ రింగు తీసుకుని, డెల్టా(చ) = చ⊗చ, ఎప్సిలాన్(చ) = 1 పెట్టండి. ఇది చక్కని బైఆల్జీబ్రా. యాంటిపోడ్ షరతు వేస్తే స(చ)·చ = 1 కావాలి. పాలినామియల్స్‌లో చకు ఇన్వర్స్ లేదు. అంతటితో ఆగిపోయింది. చ⁻¹ను కూడా చేర్చుకుంటే, అంటే లోరాన్ పాలినామియల్స్ తీసుకుంటే, స(చ) = చ⁻¹తో హొప్ఫ్ ఆల్జీబ్రా అవుతుంది. గుణకారం ఒకటే అయినా డెల్టా మారగానే ఫలితం మారిపోయింది. ఈ రెండు ఉదాహరణలూ పక్కపక్కన రాసి పెట్టుకోండి.

గ్రూప్ ఆల్జీబ్రాలో ప్రతి గ్రూప్ ఎలిమెంటు గకు డెల్టా(గ) = గ⊗గ, స(గ) = గ⁻¹. ఇక్కడ డెల్టా నకలు తీస్తున్నట్టు కనబడుతుంది. నకలు తీసేది బేసిస్‌లో ఉన్న గ్రూప్ ఎలిమెంట్లకే. డెల్టా(గ+హ) = గ⊗గ + హ⊗హ, అంతకుమించి ఏమీ లేదు. (గ+హ)⊗(గ+హ) అని రాస్తే డెల్టా లీనియర్ అన్న సంగతి మర్చిపోయినట్టు.

దీని ఉపయోగం రిప్రజెంటేషన్లలో తెలుస్తుంది. ఆల్జీబ్రా రెండు మాడ్యూల్స్ మీద పనిచేస్తుంటే వాటి టెన్సర్ ప్రోడక్ట్ మీద ఎలా పనిచేయాలో డెల్టా చెబుతుంది. గ⊗గ అయితే రెండింటి మీదా ఒకేసారి. చ⊗1 + 1⊗చ అయితే ముందు ఒకదాని మీద, తర్వాత రెండోదాని మీద, రెండూ కూడి. ఇంటర్‌లో నేర్చుకున్న డెరివేటివ్ ప్రోడక్ట్ రూల్ ఇదే. ట్రివియల్ మాడ్యూల్ కావాలంటే ఎప్సిలాన్, డ్యూయల్ మాడ్యూల్ కావాలంటే స.

[తెర మీద:
గ² = 1, చ² = 0, చగ = −గచ
డెల్టా(గ) = గ⊗గ, డెల్టా(చ) = చ⊗1 + గ⊗చ
ఎప్సిలాన్(గ) = 1, ఎప్సిలాన్(చ) = 0]

చివరగా స్వీడ్లర్ ఆల్జీబ్రా. ఫీల్డ్ క్యారెక్టరిస్టిక్ 2 కాకూడదు. బేసిస్ 1, గ, చ, గచ, అంటే 4 డైమెన్షన్లు. డెల్టాను జనరేటర్ల మీదే ఇచ్చాం కాబట్టి ప్రతి రిలేషనూ చెక్ చేయాలి, చాలామంది ఎగరగొట్టే మెట్టు ఇదే. చ² = 0 చూద్దాం: డెల్టా(చ)ను దానితోనే గుణిస్తే చ²⊗1 + చగ⊗చ + గచ⊗చ + గ²⊗చ². మొదటిది, చివరిది సున్నా. మధ్య రెండూ చగ = −గచ వల్ల కొట్టుకుపోతాయి. ఆ మైనస్ లేకపోతే ఇక్కడ 2(గచ⊗చ) మిగిలి అంతా చెడిపోయేది. మిగతా రెండు రిలేషన్లూ ఇలాగే మీరు చూడండి.

యాంటిపోడ్: స(గ) = గ. చకు స(చ) + గచ = 0, కాబట్టి స(చ) = −గచ. మళ్లీ ఒకసారి వేయండి, కానీ స వరసను తిప్పేస్తుందని గుర్తుంచుకోండి: స(కఖ) = స(ఖ)స(క). అప్పుడు స(−గచ) = −స(చ)స(గ) = గచగ. చగ = −గచ కాబట్టి అది −గ²చ, అంటే −చ. గుణకారం గానీ కోప్రోడక్ట్ గానీ కమ్యుటేటివ్ అయితే సను రెండుసార్లు వేసినప్పుడు మొదటికే రావాలి. ఇక్కడ రెండూ కావు, అందుకే −చ దగ్గర నిలిచింది. రెండూ కాని హొప్ఫ్ ఆల్జీబ్రాల్లో ఇంతకంటే చిన్నది లేదు. ఇంకో రెండుసార్లు వేస్తే నాలుగోసారికి చ తిరిగి చేతికొస్తుంది.