క్యాపిటల్‌లో 100 విగ్రహాలు: ఎవరిని నిలబెట్టాలో తేల్చేది ఎవరు?

(విజువల్: వాషింగ్టన్‌లో క్యాపిటల్ గుమ్మటం. తర్వాత లోపలి అర్ధచంద్రాకారపు హాలు.)

అమెరికా చట్టసభ కాంగ్రెస్ కొలువుండే భవనం ఇది. లోపల ఎటు చూసినా విగ్రహాలే. వాటిలో 100 మాత్రం కాంగ్రెస్ ఎంచుకున్నవి కావు, 50 రాష్ట్రాలు పంపినవి. కాలిఫోర్నియా అంత పెద్ద రాష్ట్రానికీ రెండే, బుల్లి రోడ్ ఐలాండ్‌కీ రెండే.

ఈ హాల్లో ఒకప్పుడు ప్రతినిధుల సభ జరిగేది. 1857లో సభ కొత్త చోటుకి మారడంతో హాలు ఖాళీ అయింది. 1864లో, అంతర్యుద్ధం ఇంకా నడుస్తుండగానే, ఒక చట్టం వచ్చింది. ప్రతి రాష్ట్రం తమవాళ్లలో పేరున్న ఇద్దరి విగ్రహాలను పంపుకోవచ్చు. పాలరాయైనా సరే, కంచైనా సరే. కాకపోతే ఆ ఇద్దరూ అప్పటికే చనిపోయి ఉండాలి. 1870లో, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన జనరల్ నథానియల్ గ్రీన్ విగ్రహంతో రోడ్ ఐలాండ్ బోణీ చేసింది.

(విజువల్: కిక్కిరిసిన హాలు, పాత ఫొటో.)

1933 నాటికి ఇక్కడ 65 విగ్రహాలు చేరాయి. కొన్నిచోట్ల మూడు వరసల్లో నిలబెట్టాల్సి వచ్చింది. అంత బరువు నేల ఆపలేదని తేలాక, చాలావాటిని భవనంలోని మిగతా చోట్లకు సర్దారు.

(క్లోజప్: పోపే చేతిలోని తాడు.)

నాకు అన్నిటికంటే మనసుకు పట్టింది ఈ విగ్రహం. 2005లో న్యూ మెక్సికో పంపింది. దీంతోనే లెక్క 100కి చేరింది. ఇతను పోపే, అక్కడి మూలవాసులైన ప్యూబ్లో తెగల నాయకుడు. చేతిలో తాడుకి ముడులు కనిపిస్తున్నాయా? 1680లో స్పెయిన్ పెత్తనం మీద తిరగబడాలనుకున్నప్పుడు ఊరూరికీ ఇలాంటి తాళ్లు పంపారు. రోజుకో ముడి విప్పాలి, ఆఖరి ముడి విప్పిన రోజు అందరూ ఒక్కసారే లేవాలి. విషయం ముందే పొక్కింది, తిరుగుబాటూ ముందే మొదలైంది. అయినా స్పెయిన్‌వాళ్లను అక్కడి నుంచి తరిమేశారు.

విగ్రహం వెనక్కి వెళ్లి చూడండి. వీపు మీద కొరడా దెబ్బల మచ్చలున్నాయి. సొంత మతాన్ని పాటించినందుకు పడిన శిక్ష అది. పోపే ఎలా ఉండేవాడో చెప్పే చిత్రం ఏదీ లేదు. ప్యూబ్లో సమాజానికే చెందిన శిల్పి క్లిఫ్ ఫ్రాగువా, గులాబి రంగు పాలరాతిలో తన ఊహతో ఆ రూపం చెక్కాడు.

(విజువల్: మేరీ మెక్‌లియోడ్ బెతూన్ విగ్రహం.)

ఒకసారి పెట్టిన విగ్రహం ఇక శాశ్వతమా? 2000 వరకు దాదాపు అంతే. ఆ ఏడాది వచ్చిన చట్టంతో మార్చుకునే వీలు దొరికింది. పాతది కనీసం 10 ఏళ్లు ప్రదర్శనలో ఉండి ఉండాలి. రాష్ట్ర శాసనసభ తీర్మానం చేయాలి, గవర్నర్ ఆమోదించాలి, తర్వాత కాంగ్రెస్ సంయుక్త కమిటీ ఒప్పుకోవాలి. చెక్కించడం దగ్గర్నుంచి పాతదాన్ని తీసుకెళ్లేదాకా ఖర్చంతా రాష్ట్రానిదే. ఈ మొత్తం ఏర్పాటులో మెచ్చుకోదగ్గ భాగం ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకంటే ఎవరిని గౌరవించాలన్న వాదన రాష్ట్రంలోనే, ప్రజల మధ్యే జరగాలి.

అలా వాదించుకునే ఫ్లోరిడా, అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని నిలబెట్టుకోవడానికి పోరాడిన దక్షిణాది రాష్ట్రాల సైన్యాధికారి కిర్బీ స్మిత్‌ని పక్కన పెట్టింది. 2022లో అతని స్థానంలోకి నల్లజాతి విద్యావేత్త బెతూన్ వచ్చింది. ఆమె చేతిలోని నల్ల గులాబీని గమనించండి. రాష్ట్రాలు పంపిన విగ్రహాల్లో నల్లజాతి వ్యక్తి ఆమే మొదలు.

మరి అదే హాల్లో 2013 నుంచి నల్లజాతి హక్కుల ఉద్యమకారిణి రోజా పార్క్స్ ఉంది కదా అంటారేమో. ఉంది. కానీ ఆ విగ్రహాన్ని పెట్టించింది కాంగ్రెసే, కాబట్టి అది ఈ 100 లెక్కలోకి రాదు.

వెళ్లే అవకాశం ఉంటే, క్యాపిటల్ టూర్ ఉచితం. పోపేని మాత్రం ఈ హాల్లో వెతక్కండి, అతను విజిటర్ సెంటర్‌లో ఉంటాడు.